పళ్లెంలో మధ్యమ మార్గం

ఈ వర్షావాసం మూడు నెలలూ రోజుకు కాసిని పేజీలైనా చదవాలని నియమం పెట్టుకున్నాను. భిక్ఖువులు ఒకచోట నిలిచి అధ్యయనం చేసే కాలంలో ఉపాసకులం మనం రోజుకో గంట కూర్చోలేమా అనిపించింది. పగలంతా రేషన్ కార్డులు, పెన్షన్ దరఖాస్తులు, ఎవరిదో ఒకరి కేసు కాగితాలతో గడిచిపోతుంది. రాత్రి గిన్నెలు కడిగి కూర్చునేసరికి తొమ్మిదిన్నర. ఆ గంటలోనే సంయుత్త నికాయంలో కోసల రాజు గురించిన సుత్తాలు, ధమ్మపదం అట్ఠకథలో కొంత, వినయ పిటకంలో మందుల అధ్యాయం, ధనంజయ్ కీర్ రాసిన బాబాసాహెబ్ జీవిత చరిత్ర, షాహూ పటోలే వంటల పుస్తకం చదివాను. ఒకదానితో ఒకటి పొంతన లేని పుస్తకాలే. కానీ నా తలలో ఒకే ప్రశ్న తిరుగుతుండడంతో అన్నిట్లోనూ అన్నం గురించిన మాటలే కంటికి కనిపించాయి.

ఆ ప్రశ్న మా వాడలోనే పుట్టింది. ఇప్పుడు ఏ ఇంటికి వెళ్లినా టీవీ పక్కన మాత్రల డబ్బా ఉంటోంది. నలభై దాటినవాళ్లలో చాలామందికి షుగరో, బీపీయో, రెండూనో. అదే ఇంట్లో ఇంటర్ చదివే ఆడపిల్లకు రక్తం తక్కువ. ఒకే కుండలో అన్నం తిన్న ఇద్దరిలో ఒకరికి ఎక్కువై జబ్బు, ఒకరికి తక్కువై జబ్బు. వీళ్లిద్దరికీ కలిపి ధమ్మం ఏం చెబుతుంది?

ముందు పసేనది కథ. కోసల రాజు ద్రోణమంత బియ్యం వండించుకుని తినేవాడు. ఒకరోజు అలా తిని, రొప్పుకుంటూ బుద్ధుడి దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. బుద్ధుడు రాజును తిట్టలేదు, నరకం పేరు చెప్పి భయపెట్టలేదు. ఎరుకతో ఉండి, దొరికిన తిండిలో మోతాదు తెలిసినవాడికి బాధలు తగ్గుతాయనీ, వయసు మెల్లగా మీద పడుతుందనీ అర్థం వచ్చే చిన్న గాథ చెప్పాడు. రాజు వెనక సుదస్సనుడనే యువకుడు నిలబడి ఉన్నాడు. ఆ గాథ నేర్చుకుని తన భోజనం వేళ వినిపించమని రాజు అతన్ని అడిగాడు. దానికి రోజుకు నూరు కహాపణాలు ఇస్తానన్నాడు. మెల్లమెల్లగా రాజు నాళికెడు అన్నానికి వచ్చాడు. ఒళ్లు తేలికైంది. తన చేత్తో తన ఒళ్లు తడుముకుని, బుద్ధుడు తనకు ఈ లోకపు మేలూ పై మేలూ రెండూ చేశాడని మురిసిపోయాడు.

అట్ఠకథలో ఇంకో వివరం ఉంది. రాజు చివరి ముద్ద ఎత్తబోయేటప్పుడు గాథ చదవాలి. రాజు ఆ ముద్ద వదిలేయాలి. మర్నాడు ఆ ముద్దకు సరిపడా బియ్యం తగ్గించి వండాలి. నాకు బాగా నచ్చింది ఈ పద్ధతే. ఒక్కరోజులో సగానికి కోయడం లేదు, ఉపవాసం లేదు, ఒట్లు లేవు. రోజుకో ముద్ద. ఈ రోజుల్లో మంచి డాక్టరు చెప్పినా ఇలాగే చెబుతాడు.

అయితే ఆ సుత్తం చదివి పుస్తకం మూసేశాక ఒక సందేహం మిగిలింది. ద్రోణం అన్నం తినే రాజుకు తగ్గించమని చెప్పడం సబబే. అసలు ద్రోణం ముఖం ఎరగని మనిషికి ఇదే గాథ చెబితే ఎలా ఉంటుంది? మిరపకాయలు కోసి వచ్చి, పిల్లలకు పెట్టి, కుండ అడుగున మిగిలింది తినే తల్లికి మితాహారం గురించి ఉపన్యాసం చెప్పడం న్యాయమేనా?

దానికి జవాబు ధమ్మపదం అట్ఠకథలోనే దొరికింది. ఆళవి అనే ఊళ్లో ఒక పేద రైతు ఉన్నాడు. బుద్ధుడు వస్తున్నాడని విని, ధమ్మం వినాలని ఉబలాటపడ్డాడు. ఆ ఉదయమే అతని ఎద్దు తప్పిపోయింది. ఎద్దు లేకపోతే సేద్యం లేదు. వెతుక్కుంటూ పోయి, అది దొరికాక, తిండీ తిప్పలూ లేకుండా అలాగే సభకు పరుగెత్తుకొచ్చాడు. ఊరివాళ్ల భోజన దానం అయిపోయింది, అందరూ ఉపదేశం కోసం ఎదురుచూస్తున్నారు. బుద్ధుడు మాత్రం అతను వచ్చేదాకా నోరు మెదపలేదు. వచ్చాక కూడా ముందు ఉపదేశం మొదలుపెట్టలేదు. మిగిలిన అన్నం ఏమైనా ఉందా అని అడిగి, ఆ రైతుకు కూర్చోబెట్టి వడ్డించమన్నాడు. అతను కడుపునిండా తిని, ఒళ్లు స్థిమితపడ్డాకే ధమ్మం చెప్పాడు. భిక్ఖువులు దారిలో ఇదేమిటని గుసగుసలాడితే, ఆకలితో ఉన్న మనిషి మనసుకు బోధ ఎక్కదని వాళ్లకు వివరించాడు.

రాజుకు తగ్గించమన్నదీ, రైతుకు ముందు వడ్డించమన్నదీ ఒకే బుద్ధుడు. ఈ రెండు కథలనూ పక్కపక్కన పెట్టి చదవాలని నాకు ఇప్పుడు అర్థమైంది. భోజనంలో మాత్ర తెలియడమంటే ఎవరి ఒంటికి ఎంత అవసరమో తెలియడం. ఒకరికి అది తగ్గించడం, ఇంకొకరికి పెంచడం.

ఈ తేడా తెలియకపోతే ఏమవుతుందో మా ఇంట్లోనే చూశాను. మా పెద్దమ్మ కూతురు నాకంటే ఎనిమిదేళ్లు పెద్ద. ఇప్పటికీ కూలికి పోతుంది. షుగర్ వచ్చి ఆరేళ్లయింది. మొన్న మాఘ పౌర్ణమికి విహారంలో అష్టశీలాల గురించి విని, తనూ తీసుకుంది. మధ్యాహ్నం తర్వాత ఏమీ తినలేదు. మర్నాడు తెల్లవారుజామున కూడా ఏమీ తినకుండా మిరప కోతకు పోయింది. ఎనిమిది గంటలకల్లా చెమటలు పట్టి, చేతులు వణికి, సాలులోనే కూలబడింది. పక్క సాలులో ఉన్నామె ఫ్లాస్కులో టీ పట్టించబట్టి తేరుకుంది. ఆసుపత్రిలో చూసి చక్కెర బాగా పడిపోయిందన్నారు.

సాయంత్రం నేను వెళ్తే మంచం మీద కూర్చుని ఉంది.

"మాత్ర వేసుకున్నావా అక్కా?" అని అడిగాను.

"వేసుకోకుండా ఎట్టా ఉంటా చెల్లీ? మాత్ర మానొద్దని డాక్టరు చెప్పాడు, మాపటేళ తినొద్దని ఈళ్లు చెప్పారు. ఇద్దరి మాటా విన్నా" అంది.

ఇద్దరి మాటా వింది. ఆ ఇద్దరూ ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా చెప్పారు. శీలాలు ఇచ్చిన భంతేకు ఆమె మాత్రల సంగతి తెలియదు, మాత్రలు రాసిన డాక్టరుకు ఉపోసథం సంగతి తెలియదు. చక్కెర తగ్గించే మాత్రల్లో కొన్ని, తిండి లేకుండా వేసుకుంటే చక్కెరను ప్రమాదకరంగా పడగొడతాయి. ఇన్సులిన్ వేసుకునేవాళ్లకు ఇంకా జాగ్రత్త కావాలి.

వినయ పిటకం తెరవడానికి కారణం అదే. రాత్రి భోజనం మానడం వల్ల ఒంటికి తేలిక, రోగాలు తక్కువ అని బుద్ధుడు భిక్ఖువులకు చెప్పిన మాట నిజమే. మజ్ఝిమ నికాయంలో కీటాగిరి సుత్తంలో అది ఉంది. కానీ ఆ నియమం పెట్టిన బుద్ధుడే జబ్బు భిక్ఖువులు తిన్నది కక్కుకుని చిక్కిపోతుంటే ఊరుకోలేదు. నెయ్యి, వెన్న, నూనె, తేనె, బెల్లం అనే ఐదింటినీ మందులుగా పుచ్చుకోవచ్చన్నాడు. మొదట వేళ పెట్టాడు. దానితో వాళ్లు కోలుకోకపోతే వేళ కానివేళ కూడా తీసుకోవచ్చని మార్చాడు. నియమం మనిషి కోసం ఉందని ఇంతకంటే స్పష్టంగా ఎవరు చెప్పగలరు? న్యాయశాస్త్రం చదివినదాన్ని కాబట్టి నాకు ఇది మరీ నచ్చింది. మంచి చట్టంలో మినహాయింపు కూడా చట్టమే.

అదే అధ్యాయంలో గంజి ప్రస్తావన ఉంది. పాళీలో యాగు అంటారు. అంధకవింద దగ్గర ఒక బ్రాహ్మణుడు సంఘానికి యాగు, తేనె ఉండలు ఇస్తే, బుద్ధుడు గంజి వల్ల పది మేళ్లు లెక్కపెట్టాడు. ఆయువు, వర్ణం, సుఖం, బలం, చురుకైన బుద్ధి ఇస్తుంది. ఆకలి, దాహం తీరుస్తుంది. వాతం సర్దుతుంది, మూత్రాశయం శుభ్రపడుతుంది, అరగనిది అరుగుతుంది. మన అమ్మలు మట్టికుండలో అంబలి కాచి ఉల్లిపాయతో ఇచ్చిన రోజుల్లో దాన్ని పేదల తిండి అని నవ్వినవాళ్లున్నారు. ఆ తిండికి పిటకాల్లో ఎంత గౌరవం ఉందో చదువుకున్నాక మనసు నిండింది.

ఇక బాబాసాహెబ్ దగ్గరికి వస్తాను. లండన్‌లో చదువుకునే రోజుల్లో ఆయన ఎలా తిన్నాడో కీర్ రాశాడు. పొద్దున రొట్టె ముక్క, కప్పు వేడి పానీయం. దానితోనే రోజంతా గ్రంథాలయంలో చదువు. రాత్రి పది దాటాక ఆకలికి తట్టుకోలేక, తెలిసినవారు ఇచ్చిన అప్పడాలు వేయించుకుని తిని మళ్లీ పుస్తకం ముందు కూర్చునేవాడు. నడివయసు దాటాక ఆ మనిషినే మధుమేహం పట్టుకుంది, కాళ్లలో నరాల నొప్పులు వేధించాయి. 1948 ఏప్రిల్ 15న ఆయన పెళ్లాడిన డాక్టర్ శారదా కబీర్, మనం మాయిసాహెబ్ అని పిలుచుకునే సవితా అంబేడ్కర్, ఆ జబ్బులతో ఎనిమిదేళ్లు పోరాడింది. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో లక్షల మందికి దీక్ష ఇచ్చిన ఆయన, సరిగ్గా 53 రోజులకు మనల్ని విడిచిపోయాడు. ఇంకో పదేళ్లు ఉండుంటే అని అనుకోని బౌద్ధుడు ఎవరుంటారు? ఒకే ఒంట్లో యవ్వనంలో ఆకలి, పెద్దయ్యాక షుగర్. మన వాడల్లో ఇప్పుడు జరుగుతున్న కథ కూడా అదే. అందుకే కార్యకర్తల ఒంటి సంగతి వాళ్ల సొంత వ్యవహారం అని వదిలేయడానికి నాకు మనసొప్పదు.

పటోలే పుస్తకం వేరే దారిలో నడుస్తుంది. మరాఠ్వాడాలోని మహార్, మాంగ్ కుటుంబాల వంటల గురించి ఆయన మరాఠీలో 2015లో రాశాడు. 2024లో ఇంగ్లీషులో వచ్చింది. అన్నం పూర్ణ బ్రహ్మం అనే నానుడికి ఒక్క అక్షరం చేర్చి, అన్నం అపూర్ణ బ్రహ్మం అని పేరు పెట్టాడు. నూనె, నెయ్యి, పాలు లేని వంటలవి. చదువుతుంటే మా అమ్మ పొయ్యి గుర్తొచ్చింది. జొన్న సంగటి, గోంగూరలో ఎండు రొయ్యలు, పొలం గట్ల మీద కోసుకొచ్చిన తుమ్మికూర, పొన్నగంటి, చెంచలి, పెద్దకూర ఎండబెట్టిన తునకలు. నూనె చుక్కలుగా లెక్కపెట్టి వేసేది. ఇవాళ పత్రికల్లో ఆరోగ్యం శీర్షిక కింద రాసేవి అందులో సగం ఉన్నాయి.

అలాగని ఆ రోజులను బంగారంలా చూపించను. ఆ వంట మంచిదే, కానీ అది సరిపడా ఉండేది కాదు. అమ్మ తినే వేళకు కూరలో ముక్క ఉండేది కాదు, పులుసే. ఆడవాళ్లు చివర తినే అలవాటు ఇప్పటికీ చాలా ఇళ్లలో పోలేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. ఆళవి రైతును బుద్ధుడు కూర్చోబెట్టినట్టు ఆ ఇల్లాలిని కూర్చోబెట్టి ముందు వడ్డించేదెవరు?

మాంసం సంగతి కూడా యువకులు తరచూ అడుగుతారు, బౌద్ధులమయ్యాం కదా, మానేయాలా అని. తన కోసం చంపారని చూసిందీ, విన్నదీ, అనుమానించిందీ తప్ప మిగతాది భిక్ఖువు తినవచ్చని జీవక సుత్తంలో ఉంది. చేపా మాంసమూ పూర్తిగా నిషేధించమని దేవదత్తుడు పట్టుబడితే బుద్ధుడు ఒప్పుకోలేదు. 22 ప్రతిజ్ఞల్లో జీవులన్నిటి మీదా దయ ఉంది, మద్యం తాగనన్న మాట ఉంది. మాంసం తిననన్న మాట విడిగా లేదు. దయతో మానుకున్నవాళ్లకు నమస్కారం. కానీ కోడిగుడ్డు తప్ప వేరే మాంసకృత్తు దొరకని పిల్ల చేతిలోంచి ఆ గుడ్డు లాక్కోవడం శీలం కింద జమ కాదు.

ఇప్పుడు చట్టం దగ్గరికి. 2001లో పీయూసీఎల్ వేసిన ఆహార హక్కు కేసులో సుప్రీంకోర్టు ఆ ఏడాది నవంబర్ 28న, బడి పిల్లలకు కనీసం 300 కేలరీలు, 8 నుంచి 12 గ్రాముల మాంసకృత్తులు ఉండే వండిన భోజనం పెట్టాలని ఆదేశించింది. 2004లో వంటవాళ్ల నియామకంలో దళితులకు ప్రాధాన్యం ఇవ్వమని చెప్పింది. ఆ ఆదేశం కాగితం పట్టుకుని నేను కొన్ని ఊళ్లు తిరిగాను. మా వాడ ఆడమనిషి వండితే తమ పిల్లలు తినరని పెద్దలు అడ్డం పడిన బడీ ఉంది, కొన్నాళ్లకు అదే చేతి సాంబారు అడిగి మరీ వడ్డించుకున్న పిల్లలూ ఉన్నారు. తర్వాత 2013లో ఆహార భద్రతా చట్టం వచ్చింది. మనిషికి నెలకు ఐదు కిలోల ధాన్యం హక్కయింది. ఆకలితో పడుకున్న ఇల్లు తెలిసినవాళ్లెవరూ దాన్ని చిన్న సంగతి అనరు.

అయితే లెక్క చూడండి. ఐదు కిలోలను ముప్పై రోజులకు పంచితే రోజుకు 166 గ్రాములు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో 2000 కేలరీల రోజుకు ఒక నమూనా పళ్లెం ఉంది. అందులో ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు లేదా గుడ్డు, మాంసం 85 గ్రాములు, కూరగాయలూ ఆకుకూరలూ కలిపి 400 గ్రాములు. ఇంకా పండు, పాలు, గింజలు. చట్టం హామీ ఇచ్చింది మొదటి వరుసలో మూడింట రెండు వంతులే. ఆ చట్టంలో ఆహార ధాన్యమంటే బియ్యం, గోధుమ, ముతక ధాన్యాలు. పప్పు ఆ నిర్వచనంలో లేదు. మిగిలిన పళ్లెం కొనుక్కోలేనివాళ్లు ఆ ఖాళీని కూడా బియ్యంతోనే నింపుతారు. మా వాడలో షుగరూ రక్తహీనతా ఒకే ఇంట్లో కలిసి కాపురం చేయడానికి ఇదొక ముఖ్య కారణమని నా నమ్మకం. ముతక ధాన్యం అనే మాట చట్టంలో ఉంది కాబట్టి జొన్నలు, సజ్జలు, రాగులు అడిగే హక్కూ మనకుంది. జహీరాబాద్ దగ్గర దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ దళిత మహిళా సంఘాలు బీడు భూముల్లో జొన్నలు పండించి, ఊళ్లోనే నిల్వచేసి, ఊళ్లోని పేదలకే పంచుకుని చూపించాయి.

చట్టం మారేదాకా ఏం చేయాలి? మా ఇంట్లో చేసుకున్నది చెబుతాను. నలుగురికి పూటకు రెండు సోలల బియ్యం వేసేవాళ్లం. పసేనది పద్ధతిలో వారానికో గుప్పెడు తగ్గించుకుంటూ సోలకు వచ్చాం. తగ్గిన అన్నం చోటు ఖాళీగా ఉంచలేదు. అందులో ఆకుకూర పప్పు పెరిగింది, తోడుగా ఏదో ఒక కూరగాయ. రోజూ ఒక గుడ్డు, లేకపోతే ఉడకబెట్టిన శనగలో వేరుశనగలో గుప్పెడు. రాత్రి రెండు జొన్న రొట్టెలు, వంకాయ కూర. పళ్లెంలో ముందు కూర, పప్పు వడ్డించి, మిగిలిన చోటే అన్నానికి. ఆకుకూరలో నిమ్మకాయ పిండితే ఇనుము బాగా ఒంటబడుతుంది. తిన్న వెంటనే టీ తాగితే అది తగ్గిపోతుంది, అందుకని టీని గంట వెనక్కి జరిపాం. రాగి జావ మంచిదని గ్లాసుల కొద్దీ తాగేవాళ్లున్నారు. మెత్తటి పిండితో కాచిన జావ కూడా చక్కెరను పెంచుతుంది. షుగర్ ఉన్నవాళ్లకు జావ కంటే సంగటి, రొట్టె నయం, అదీ కొలతగానే. పచ్చడి, అప్పడం ఎదురెదురుగా పెట్టుకోవడం మానాం. ఉప్పు రోజుకు ఐదు గ్రాములు దాటకూడదంటే అవే మొదట అడ్డం వస్తాయి.

ఇదంతా కుర్చీలో కూర్చుని పనిచేసే మా ఇంటి కొలత. పొద్దుపొడిచిన దగ్గర్నుంచి వంగి కోత కోసే మనిషికి ఇది చాలదు. ఆమెకు అన్నమూ కావాలి, దానితో పప్పూ గుడ్డూ కావాలి. మా కొలతను ఆమె మీద రుద్దకూడదు.

చివరగా మన విహారాల కమిటీలకు రెండు చిన్న మనవులు. అష్టశీలాలు ఇచ్చే ముందు షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడగండి. ఉంటే పంచశీలాలతోనే ఉపోసథం పాటించమని చెప్పండి, డాక్టరును అడగకుండా పూట మానొద్దని మైకులోనే చెప్పండి. రెండోది, బుద్ధ పూర్ణిమకూ ఏప్రిల్ 14కూ పెట్టే భోజనాల్లో పులిహోర, కేసరి, తెల్లన్నంతోనే సరిపెట్టకండి. ఆకుకూర పప్పు, ఉడికించిన గుడ్డు, మజ్జిగ చేర్చండి. ఖర్చు కొంత పెరుగుతుంది, ఫ్లెక్సీలు రెండు తగ్గిస్తే సరిపోతుంది. వడ్డించేటప్పుడు ఆడవాళ్లనూ ఆడపిల్లలనూ మొదటి బంతిలో కూర్చోబెట్టండి. ఉపన్యాసాలు ఆ తర్వాత మొదలుపెట్టవచ్చు.